ముంగిలి శుద్ధి: దేనికి ఏది తగును?

తిరుమల శ్రీవారి ఆలయంలో ఏటా నాలుగు పర్యాయాలు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుందన్న సంగతి భక్తులకు విదితమే. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. ఈ నాలుగు పర్వాలకు ముందు వచ్చే మంగళవారం నాడు గర్భాలయం, ఉపాలయాలు, గోడలు, పైకప్పులు, పూజా సామగ్రి అన్నింటినీ శుద్ధి చేస్తారు. ఆ సమయంలో స్వామివారి మూలమూర్తిని వస్త్రంతో పూర్తిగా కప్పి ఉంచుతారు. నీటితో శుద్ధి ముగిసిన అనంతరం నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ మొదలైన సుగంధ ద్రవ్యాలు కలిపిన పరిమళ జలాన్ని ఆలయమంతటా ప్రోక్షిస్తారు. పిదప వస్త్రాన్ని తొలగించి పూజ, నైవేద్యం సమర్పిస్తారు.

ఈ సేవాక్రమంలో గృహస్థులకు గొప్ప ఉపదేశమున్నది. కాపాడవలసిన దానిని ముందు కాపాడి, తగిన ద్రవ్యంతో శుద్ధి చేసి, ఆ తరువాతనే అలంకరించాలి. పండుగ వస్తున్నదనగానే మనమూ ఇంటి ముంగిలిని, అరుగులను, ప్రహరీని కడిగిస్తాము. కాని గడపకూ, గోడకూ, రాతి మెట్లకూ అన్నింటికీ ఒకే యాసిడ్ సీసా, ఒకే ఇనుప బ్రష్షు వాడే అలవాటు నేడు పెరిగింది. లక్ష్మీప్రదమైన ఇంటిని సిద్ధం చేయబోయి ఆ ఇంటి రాతినీ, కొయ్యనూ పాడుచేసుకుంటున్నాము. ఒక్కొక్కసారి ప్రాణాల మీదికి కూడా తెచ్చుకుంటున్నాము.

మృదువైనది ముందు

శుద్ధికి ఒక సూత్రాన్ని గుర్తుంచుకోండి. ముందు పొడి చీపురు, అది చాలకుంటే మంచినీరు, అదీ చాలకుంటే కుంకుడు రసం లేదా తేలికపాటి సబ్బునీరు. అంతకు మించిన ద్రవ్యాన్ని అవసరమైన చోట మాత్రమే వాడాలి. ఏ కొత్త ద్రవ్యాన్నయినా కంటికి కనబడని ఒక మూల జానెడు జాగాలో పరీక్షించి, ఆరిన తరువాత రంగు, నునుపు చెడలేదని నిశ్చయించుకున్న పిమ్మటనే మిగిలిన భాగానికి వాడండి.

గడప

గడప లక్ష్మీస్థానం. తరతరాలుగా పసుపు, కుంకుమ, నూనె పేరుకొని గడప మీద గట్టి పొర కట్టి ఉంటుంది. దానిని చాకుతోనో, ఇనుప పీచుతోనో గీకితే కొయ్య నారలు లేస్తాయి. ఆ సందులలోకి నీరు చేరి గడప పుచ్చిపోతుంది. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను కొంతసేపు గడపపై పరచి ఉంచండి. పొర నానిన తరువాత కొబ్బరి పీచుతో నెమ్మదిగా రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. గడప మీద బిందెలతో నీరు గుమ్మరించడం తగదు.

చాకలి సోడా, సున్నం వంటి క్షారాలు తగిలితే పసుపు ఎర్రబారుతుంది. పారాణి ఎర్రదనానికి మూలం ఇదే. కనుక పసుపు మరకపై సోడా చల్లి, మరక మరింత ముదిరిందని భయపడవలసిన పని లేదు. పసుపు రంగు ఎండకు తాళదు. ఎండ తగిలే మెట్ల మీద, అరుగుల మీద పడిన మరకను సబ్బునీటితో కడిగి వదిలివేస్తే కొద్ది రోజులలో దానంతట అదే వెలిసిపోతుంది.

మెట్లు, అరుగులు

రాతిని శుభ్రం చేసే ముందు అది ఏ జాతి రాయో తెలుసుకోవాలి. తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాల నుండి వచ్చే నాపరాళ్లు సున్నపురాతి జాతివి. పాలరాయి కూడా ఆ గుణం కలదే. ఇవి ఆమ్లానికి కరుగుతాయి. యాసిడ్ పోయగానే నురుగు పొంగడం చూసి మురికి వదులుతున్నదని చాలామంది సంతోషిస్తారు. నిజానికి అక్కడ కరుగుతున్నది రాయి. నునుపు పోయి గరుకుదేలిన ఆ రాతిలో మురికి మునుపటి కంటె త్వరగా పడుతుంది. దిష్టి తీసిన నిమ్మకాయ రసం పడిన చోట పాలరాతి మీద తెల్లని మచ్చ మిగలడానికీ ఇదే కారణం. పూజ ముగియగానే ఆ చోటును నీటితో తుడిచివేయండి.

నల్లరాయి, అనగా గ్రానైటు, ఇంతకంటె దృఢమైనది. దానికి సబ్బునీరు, గట్టి చీపురు చాలు. యాసిడ్ వాడితే రాయి తట్టుకున్నా, రాళ్ల నడుమ అతుకులలోని సిమెంటు తినివేయబడుతుంది. ఆ ఆవిరికి పక్కనున్న ఇనుప గేటు, కిటికీ ఊచలు తుప్పు పడతాయి.

దీపాల నూనె ఒలికిన చోట ముందుగా నీరు పోయకండి. బియ్యపు పిండినో, పొడి ముగ్గుపిండినో దట్టంగా చల్లి కొన్ని గంటలు వదిలితే నూనెను చాలావరకు పీల్చుకుంటుంది. దానిని ఊడ్చివేసి, వేడి సబ్బునీటితో కడగండి.

మట్టి ముంగిలికి కళ్లాపి చల్లడం మన ఆచారం. పేడనీరు మట్టిలోని ధూళిని పట్టి ఉంచి, నేలను గట్టిపరుస్తుంది. సిమెంటు, టైల్సు పరచిన వాకిలిలో అది ఇంకదు. పొరగా నిలిచి కాలుజారే ప్రమాదమున్నది. అటువంటి ఇళ్లలో మంచినీటితో కడిగి ముగ్గు పెట్టుకోవచ్చు. ఆచారం విడువలేమనుకుంటే ముగ్గు వేసే మేరకు పలుచగా చల్లుకోండి.

గోడలు, ప్రహరీ

పాత ఇళ్ల సున్నపు గోడలను నీటితో కడగరాదు. పొడి చీపురుతో దుమ్ము, సాలెగూళ్లు దులిపి, కొత్తగా సున్నం కొట్టించడమే వాటికి శుద్ధి. గాలి ఆడని మందపాటి రంగులను వాటిపై పూస్తే లోపలి తేమ బయటికి పోలేక పూత పెచ్చులూడుతుంది. ఎమల్షన్ రంగు వేసిన గోడలకు మెత్తని బ్రష్షు, సబ్బునీరు సరిపోతాయి. సబ్బునీటిని కింది నుండి పైకి పూసుకుంటూ వెళ్లి, మంచినీటితో పై నుండి కిందికి కడిగితే చారలు పడవు.

గోడ మీద తెల్లని పొడిలా ఉప్పు పూస్తే నీరు తగలనీయకండి. నీటిలో కరిగిన ఉప్పు మళ్లీ గోడలోనికే ఇంకి, ఆరిన తరువాత తిరిగి పూస్తుంది. పొడి బ్రష్షుతో దులిపి, తేమ ఎక్కడి నుండి వస్తున్నదో వెదికి, ఆ లోపాన్ని సరిచేయాలి.

వానకాలం వెళ్లిన తరువాత పిట్టగోడల మీద, ప్రహరీ మీద పచ్చగానో నల్లగానో పాచి కనిపిస్తుంది. గట్టి సిమెంటు గోడ అయితే తడిపి బ్రష్షుతో రుద్దండి. మిగిలిన పాచిపై పలుచని బ్లీచింగ్ పౌడరు నీటిని పూసి, పదిహేను నిమిషాల తరువాత బాగా కడగండి. రంగు గోడ అయితే మూల పరీక్ష తప్పనిసరి.

ఒత్తిడితో నీటిని చిమ్మే యంత్రాలు ఇప్పుడు అద్దెకూ దొరుకుతున్నాయి. గ్రానైటు మెట్లకు, గట్టి సిమెంటు బాటకు అవి ఉపకరిస్తాయి. సున్నపు గోడ, పాత ఇటుకల అతుకులు, కొయ్య తలుపులు, పెంకుల కప్పు వాటి ధాటికి నిలువవు. మీటరు పెట్టె, స్విచ్చులు ఉన్న వైపునకు ఆ నీటిని అసలే చిమ్మరాదు. ఇసుకను వేగంగా చిమ్మి ప్రాచీన ఆలయాల రాతి గోడలను శుభ్రపరచిన చోట్ల శాసనాక్షరాలు, శిల్పాల నగిషీలు అరిగిపోయాయి. శతాబ్దాల ఎండవానలకు నిలిచిన అక్షరం తొందరపాటు శుద్ధికి నిలువలేదు. మన ఇంటి రాతికీ ఆ గతి పట్టనీయరాదు.

ఎన్నడూ కలపరానివి

ఈ భాగాన్ని ఇంట్లోని వారందరికీ చదివి వినిపించండి. బ్లీచింగ్ పౌడరు నీటిలో యాసిడ్ గాని, మరుగుదొడ్లు కడిగే ఆమ్లద్రవం గాని కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దహించే విషవాయువు. అమోనియా కలిగిన ద్రవాలతో బ్లీచింగ్ కలిసినా విషవాయువులే వెలువడతాయి. రెండూ కలిపితే రెట్టింపు శుభ్రత అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. ఒకటి వాడిన చోట అదే పూట రెండవది వాడకండి. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే పని విడిచి, అందరూ ఆరుబయటికి దూరంగా వెళ్లాలి. దగ్గు, ఆయాసం కలిగితే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలలో పోసి ఉంచడం పసిపిల్లలకు ప్రాణాంతకం.

పండుగ పనికి కూలికి పిలిచిన వారికి చేతి తొడుగులు ఇవ్వడం ఇంటి యజమాని ధర్మం. మన వాకిలి మెరవడానికి మరొకరి చేతులు కాలితే ఆ శుద్ధి దైవానికి ప్రీతికరం కాజాలదు.

తులసికోట

ముంగిలిలో మూలమూర్తి వంటిది తులసికోట. గోడలు కడగడానికి ముందే తులసమ్మపై గుడ్డ కప్పి, మొదట్లోకి మందునీరు పారకుండా అడ్డుకట్ట వేయండి. కోటను మంచినీరు, కుంకుడు రసంతో మాత్రమే కడగండి. పని ముగిసిన వెంటనే గుడ్డ తొలగించి, ఆకులపై మంచినీరు చిలకరించండి.

పనిని పండుగ నాటి తెల్లవారుజాముకు మిగుల్చుకోక, రెండు మూడు రోజుల ముందే ముగించండి. గడప ఆరాలి, సున్నం ఆరాలి. ఉగాది నాటికి నీటి ఎద్దడి ఉండే ఊళ్లలో గొట్టం బదులు బకెట్టు, గుడ్డ వాడితే నీరు ఆదా అవుతుంది. అంతా ఆరిన పిదప గడపకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకుల తోరణం కట్టి, ముగ్గు తీర్చి, తులసమ్మ వద్ద దీపం వెలిగించండి.