తప్పు ఇద్దరిదీ అయితే నష్టపరిహారం వస్తుందా?

మీరు రాత్రిపూట దీపం లేని సైకిలుపై వెళ్తున్నారనుకోండి. అతివేగంగా వచ్చిన లారీ ఢీకొని మీ కాలు విరిగింది. "దీపం లేకపోవడం నీ తప్పే, పైసా రాదు" అని ఎవరైనా అంటే మీరు ఊరుకోవలసిన పని లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988 కింద ఏర్పడిన క్లెయిముల ట్రిబ్యునల్ ప్రమాదంలో ఎవరి తప్పు ఎంతో నిర్ణయిస్తుంది. మీకు జరిగిన నష్టం 2,00,000 రూపాయలనీ, మీ తప్పు 25 శాతమనీ తేలిందనుకుందాం. అప్పుడు 50,000 తగ్గించి, మిగిలిన 1,50,000 రూపాయలు ఇప్పిస్తుంది. అంటే మీ తప్పు పరిహారాన్ని తగ్గిస్తుందే గాని, హక్కును పోగొట్టదు.

మరొక విషయం గమనించండి. నియమం తప్పినంత మాత్రాన పరిహారంలో కోత పడదు. ఆ తప్పు వల్ల ప్రమాదం జరిగిందని గాని, గాయం పెరిగిందని గాని రుజువు కావాలి. ముగ్గురు ఎక్కిన మోటారు సైకిలును వెనుక నుంచి కారు ఢీకొన్న కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి పట్టపగలు జరిగిన ప్రమాదంలో సైకిలుకు దీపం లేకపోవడం లెక్కలోకి రాదు.

మీరే చేసి చూడండి: పై ఉదాహరణలో మీ తప్పు 40 శాతమైతే ఎంత పరిహారం వస్తుంది?

జవాబు: 1,20,000 రూపాయలు.