నరికినా చిగురించే పాపం

చెరకు నరికేశాక పొలం ఖాళీ అయిపోయినట్టే ఉంటుంది. నీళ్ళు పెట్టి కొన్నాళ్ళు ఆగితే చాలు, మోళ్ళ నుంచి మళ్ళీ పిలకలు లేస్తాయి. కొత్తగా నాటనక్కర్లేదు. కార్శి తోట వేసుకునే రైతుకి అది లాభమే. పంట మార్చాలనుకున్న రైతుకే బెడద. లోతుగా దున్ని, మోళ్ళు ఏరి పారేస్తేగానీ ఆ పొలం మరో పైరుకి పనికిరాదు. చెరకు తెలిసిన రావికమతం, చోడవరం వైపు క్రైస్తవ కుటుంబాలకి, మారుమనసు పొందాక కూడా వెంటాడే పాపం గురించి చెప్పాలంటే ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

ఏ సంఘంలోనైనా కనిపించేదే ఇది. శ్రమ దినాల నలభై రోజులూ మందు ముట్టరు. ఈస్టర్ ఉదయం తెల్లబట్టలతో ఆరాధనకి వెళ్తారు. ఆ సాయంత్రమే సీసా మూత తీస్తారు. డిసెంబరు 31 రాత్రి కన్నీళ్ళతో చేసుకున్న తీర్మానం సంక్రాంతి పేకాట దాకా కూడా నిలవదు. అదంతా నటనేనని కొట్టిపారేస్తారు కొందరు. కానీ చాలాసార్లు ఆ ఏడుపు నిజమే, ఆ పడిపోవడమూ నిజమే. చేయాలనుకున్న మంచి చేయలేక, వద్దనుకున్నదే చేస్తున్నానని రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పౌలంతటివాడే మొరపెట్టుకున్నాడు. విశ్వాసిలో మిగిలే పాపం మీద ఇంగ్లండులో జాన్ వెస్లీ 1763లో ప్రత్యేకంగా ఒక ప్రసంగమే ప్రచురించాడు. పాపం అధికారం పోయినా దాని ఉనికి పోదన్నది అందులోని సారాంశం.

డేరాలో దాచిన బంగారం

బైబిల్లో ఈ విషయం మనసు లోపలి గొడవగా మాత్రమే ఉండదు. చేతికి తగిలే వస్తువులుంటాయి. యెరికో దోపుడు సొమ్ములో ఆకాను దాచుకున్నవి ఒక మంచి పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. వాటిని డేరాలో పాతిపెట్టి ఏమీ ఎరగనట్టు ఉండిపోయాడు. హాయి పట్టణం దగ్గర 36 మంది చనిపోయాకగానీ సంగతి బయటపడలేదు. దాచింది ఒక్కడు, ఏడ్చింది ముప్పై ఆరు కుటుంబాలు. తాగే తండ్రి ఉన్న ఇంట్లో ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

యాకోబు బేతేలుకి బయల్దేరే ముందు ఇంటివారి దగ్గరున్న అన్యదేవతల ప్రతిమలనూ, చెవిపోగులనూ షెకెము దగ్గర ఓ చెట్టు కింద పాతేసి కదిలాడు. ఎఫెసులో మంత్రవిద్య మానుకున్నవాళ్ళు 50 వేల వెండి నాణేల విలువైన పుస్తకాలను అందరి ముందూ తగలబెట్టారు. అమ్ముకుని ఆ డబ్బు కానుకల పెట్టెలో వేయొచ్చు కదా అని ఈ రోజుల్లో ఎవరైనా అడుగుతారేమో! అమ్మితే అవి మరో ఇంట్లో చేరతాయి.

ఒంగోలు షరతులు

తెలుగునాట దీనికి పెద్ద పరీక్ష ఒంగోలులో జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి తేలిక. కానీ ఊరి పెద్దలు పిలిచిన రోజు పనికి వెళ్ళకపోతే, జాతరలో డప్పు కొట్టనంటే ఊళ్ళో బతుకే కష్టమయ్యేది. ఆకలికి తిన్న తిండిని పాపాల జాబితాలో చేర్చడం న్యాయమేనా అన్న ప్రశ్న కూడా ఉంది. మానేసినవాళ్ళు మాత్రం అలవాటుతో పాటు ఊరి అండనీ వదులుకోవాల్సి వచ్చింది.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో తేలాలి కదా. కరవు సహాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దోర్నకల్ బిషప్ వి.ఎస్.అజరయ్య 1912 నుంచి 1945లో చనిపోయేదాకా పల్లె సంఘాల్లో మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటితో పోరాడారు. అప్పుని ఆ వరుసలో చేర్చడం గమనించాల్సిన సంగతి. కులం మీదా ఆయన పోరాడారు. ఆ మోడు మాత్రం ఇంకా పూర్తిగా పెకలలేదు. ప్రభు భోజనంలో రొట్టె పంచుకున్నవాళ్ళే పెళ్ళిసంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతారు. సిగరెట్ మానిన సాక్ష్యాలు మైకులో వినిపిస్తాయి గానీ, కులం మానిన సాక్ష్యం అరుదు.

జక్కయ్య లెక్క

జక్కయ్య కథ ఉన్న లూకా సువార్త తెలుగులో అచ్చయింది 1812లో. సేరాంపూర్‌లో ముద్రించిన ఆ తర్జుమా తయారైంది విశాఖపట్నంలోనే. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషనరీ అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఆ పని చేస్తే, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయపడ్డాడు. సుంకపు గుత్తదారు జక్కయ్య క్షమించమని ఏడ్చి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. గట్టు జరిపి కలుపుకున్న జానెడు నేల, ఎగ్గొట్టిన చీటీ డబ్బు, పంపకాల్లో చెల్లెలికి తగ్గించిన వాటా... ఇవి ఉపవాస ప్రార్థనలతో తీరేవి కావు. ఇచ్చేస్తేనే తీరతాయి.

ఒంటరిగా మానడం మరీ కష్టం. కథోలిక విశ్వాసికి గురువు దగ్గర పాపసంకీర్తనం ఉంది. వెస్లీ 1738లో పెట్టిన చిన్న బృందాల్లో, కిందటిసారి కలిశాక చేసిన తెలిసిన పాపాలేమిటో ప్రతి వారం ఒకరినొకరు అడిగేవారు. విన్నది బయట పొక్కని మనుషులు దొరకాలి, అదే చిక్కు. నేటి సాక్ష్యం రేపటికి ఊరి కబురయ్యే చోట ఎవరు నోరు విప్పుతారు?

తాగుడు విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, మతి తప్పడం, ఫిట్స్ రావడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం జరుగుతుంది. అది దయ్యం పట్టడం కాదు. ప్రార్థన చేయించే ఇల్లే డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్ళాలి. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్లలో ఎనిమిదోది, ఎవరికి హాని చేశామో ఆ పేర్లన్నీ రాసుకోవడం. తొమ్మిదోది, వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిదిద్దుకోవడం. వెళ్తే వాళ్ళకే హాని జరిగేట్టుంటే మాత్రం ఆగమంటుంది.