నీటిబొట్టు పూసకు తీగె కట్టు

లోలాకు చివర నీటిబొట్టు ఆకారంలో ఒక పూస వేలాడుతూ ఉంటుంది. పైన సన్నగా మొదలై కిందికి వచ్చేసరికి బొద్దుగా అవుతుంది. పిల్లలూ, ఈసారి అటువంటి పూస మీ కంటబడినప్పుడు బాగుందని ఊరుకోక, అది దేన్ని పట్టుకుని వేలాడుతున్నదో పరీక్షగా చూడండి. చాలావాటిలో జిగురు ఉండదు, టంకం ఉండదు, ముడి కూడా ఉండదు. ఐదారు వెంట్రుకలు పక్కపక్కన పేర్చినంత లావు తీగె పూస కొనలోని రంధ్రంలో దూరి, పైకి వచ్చి, తన చుట్టూ తానే నాలుగైదు చుట్లు చుట్టుకుని ఉంటుంది. అంతే!

ఇందులో ఒక చిక్కుప్రశ్న ఉన్నది. ఆ తీగె ఎంత మెత్తనిదంటే మూడో తరగతి పిల్లవాడు కూడా రెండు వేళ్ళతో వంచగలడు. అంత సులువుగా వంగే తీగె అంత సులువుగానూ విప్పుకోవాలి గదా? తల ఊపినప్పుడల్లా పూస ఊగుతుంది, తువాలుకు తగులుకుంటుంది, జడ పాయల్లో చిక్కుకుంటుంది. అయినా చుట్టు విడదు. ఎందుకు విడదు?

నేను బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఒక పూసను పగలగొట్టిన తరవాత తట్టింది.

మా అమ్మ లోలాకులు ఒక జత మా ఇంట్లో మిగిలి ఉండేవి. బంగారం కాదు, ఊదారంగు గాజుబొట్లు రెండు. పాత తీగె ఎప్పుడో తెగిపోయి, పూసలు మటుకు పసుపు డబ్బాలో ఉండిపోయాయి. మా మనుమరాలు వాటిని పట్టుకువచ్చి, ''తాతయ్యా, వీటికి కొత్త తీగె కట్టవూ?'' అన్నది. నేను, గట్టిగా ఉండాలంటే లావు తీగె కావాలనుకుని, 22 నంబరు రాగితీగె తెచ్చాను. అది రంధ్రంలో సగం దూరి ఆగింది. కాస్త తిప్పి నొక్కాను. టప్పుమన్నది. పూస కొన రెండుగా చీలి నా ఒళ్ళో పడింది.

ఆ పిల్ల ఏడవలేదు. ముక్కలు రెండూ ఏరి నా చేతిలో పెట్టి, ''ఇంకొకటి ఉందిగా, తాతయ్యా,'' అన్నది. ఏడ్చినా బాగుండుననిపించింది. ఆ రెండో పూసను నేను నెలరోజులు ముట్టుకోలేదు.

మా వీధిలో ఒక కంసాలి ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి, ''ఆచారిగారూ, ఎక్కడ తప్పు చేశాను?'' అని అడిగాను. ఆయన నా తీగెను రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు. అది అక్కడక్కడా వంకరలు పోయి ఉన్నది. ''లావు ఎక్కువైంది సరే. కాని, మాస్టారూ, దీన్ని మీరు ఇప్పటికే చాలాసార్లు వంచి తీశారండీ. తీగెను ఒక చోట ఒక్కసారే వంచాలి. రెండోసారి అడగకూడదు,'' అన్నాడు.

ఆ మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. జానెడు రాగితీగె తీసుకుని నడుమ లంబకోణంలో వంచండి. ఇప్పుడు మళ్ళీ తిన్నగా చెయ్యండి. ఎంత ప్రయత్నించినా పాత వంపు దగ్గర చిన్న గూని మిగిలిపోతుంది. తీగె ఆ గూనికి అటూ ఇటూ వంగుతుందే గాని గూని మటుకు చదును కాదు. అంటే వంగిన చోట తీగె మునుపటికంటె గట్టిపడిందన్నమాట. అదే చోట ఇటూ అటూ వంచుతూ పొండి. ముందు బిగుస్తుంది, తరవాత వంపు దగ్గర వేలికి వెచ్చగా తగులుతుంది, చివరకు పుటుక్కున తెగుతుంది. కాగితాలకు పెట్టే ఇనుపక్లిప్పుతో కూడా ఈ ప్రయోగం చేయవచ్చు.

రాగిలో పరమాణువులు వరసలు వరసలుగా, పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. తీగెను వంచినప్పుడు ఒక పొర మరొక పొరమీద జారుతుంది. పొర యావత్తూ ఒక్కసారిగా జారాలంటే చాలా బలం కావాలి. కాని లోహంలో ఎక్కడో ఒక వరస సగంలో ఆగిపోవడం వంటి లోపాలు ఉంటాయి. జారుడు ఆ లోపం దగ్గర మొదలై, తివాచీలో పడిన ముడత ఒక కొసనుంచి మరొక కొసకు నడిచినట్టు మెల్లగా నడుస్తుంది. తివాచీని మొత్తంగా లాగడం కష్టం. ముడతను నెట్టడం తేలిక. లోహాలు మనం లెక్కకట్టినదానికంటె ఎంతో సులువుగా ఎందుకు వంగుతాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఈ లోపాల సంగతి ఊహించి చెప్పారు.

మరి గట్టిపడటమెందుకు? వంచినకొద్దీ కొత్త లోపాలు పుట్టుకువస్తాయి. వాటి సంఖ్య పెరిగినకొద్దీ, పిల్లి ఆడుకున్న దారపు ఉండలాగా ఒకదానికొకటి చిక్కుపడతాయి. ముడతకు నడిచేందుకు దారి ఉండదు. పొరలు జారవు. అదే గట్టితనం. ఇంకా బలవంతం చేస్తే, జారేందుకు వీలులేక బీటవారుతుంది.

ఇప్పుడు మన చిక్కుప్రశ్న విడిపోయింది. పూసమీద చుట్టిన తీగె, చుట్టకముందు ఉన్న తీగె కాదు. బిగువుగా చుట్టిన ప్రతి చుట్టూ దాన్ని గట్టిపరచింది. మెత్తగా ఉండి చుట్టించుకున్నది, చుట్టుకున్నాక గట్టిపడి పట్టుకున్నది. మనం తడబడి విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పితే ఆ గట్టితనమే తీగెను తెంపుతుంది.

గట్టిపడిన తీగెను మళ్ళీ మెత్తబరచే ఉపాయం కంసాలులకు తరతరాలుగా తెలుసు. వారి దగ్గర కమ్మచ్చు అనే ఉక్కుపలక ఉంటుంది. దానికి వరసగా రంధ్రాలు, ఒకదానికంటె ఒకటి సన్నం. వెండినిగాని బంగారాన్నిగాని పెద్ద రంధ్రంనుంచి లాగి, తరవాత దానికంటె చిన్నదానినుంచి లాగి, సన్నని తీగె తీస్తారు. అలా లాగినకొద్దీ తీగె బిరుసెక్కుతుంది. అప్పుడు దాన్ని ఎర్రగా కాలుస్తారు. వేడికి పరమాణువులు కదిలి కొత్తగా వరసలు దీరుతాయి, చిక్కులు విడిపోతాయి. రాగి అయితే కాల్చి నీళ్ళలో ముంచినా మెత్తగానే ఉంటుంది. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది గదా. రాగి తీరు వేరు. కాల్చే పని మటుకు పెద్దవారే చెయ్యాలి.

తీగె నంబరు పెరిగితే లావు తగ్గడం చూసి చాలామంది తికమక పడతారు. పూర్వం తీగెను ఎన్నిసార్లు సన్నం చేస్తూ లాగారో ఆ లెక్కే నంబరైంది. ఎక్కువసార్లు లాగితే ఎక్కువ సన్నం. 22 నంబరు 0.71 మిల్లీమీటరు, 26 నంబరు 0.46, 28 నంబరు 0.38. మన పనికి 26 మంచిది. మోటార్లకు తీగె చుట్టే దుకాణంలో నంబరు చెబితే రాగితీగె ఇస్తారు. దానిమీద సన్నని పూత ఉంటుంది కనక ఆ తీగెను మంటలో పెట్టకూడదు.

ఇక పూస సంగతి. అన్ని పూసలకూ రంధ్రం ఒకే తీరున ఉండదు. తిరుపతి జిల్లాలో పాపానాయుడుపేట అనే ఊరున్నది. అక్కడి పనివారు కరిగిన గాజును బోలుగా ఉండే గొట్టంలా సాగదీసి, చిన్న చిన్న ముక్కలు కోసి పూసలు చేస్తూ వచ్చారు. అటువంటి పూసలో రంధ్రం గాజుతోపాటే సాగి నిలువునా ఉంటుంది, దారం చాలు. మన నీటిబొట్టులో రంధ్రం కొనదగ్గర అడ్డంగా తొలిచి ఉంటుంది. పూస మొత్తంలో సన్నని చోటు అదే, బరువంతా పడేదీ అక్కడే. నేను బలం చూపించినదీ అక్కడే! అందుకని తీగె కొయ్యకముందే దాని కొసను రంధ్రంలో పెట్టి చూడండి. తనంతట జారిపోవాలి. జారకపోతే ఇంకా సన్నని తీగె తెచ్చుకోండి.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. తీగె కోసే కత్తిరి ఒకటి, సన్నమూతి పట్టకారు ఒకటి. ఉంగరంలా వంచడానికి గుండ్రమూతి పట్టకారు ఉంటే మంచిదే; లేకపోతే పెన్నులోని ఖాళీ రీఫిలు చాలు. కోసేటప్పుడు తీగె ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు కనక రెండో చేత్తో మూసిపెట్టి కొయ్యాలి. పని కింద తెల్లని గుడ్డ పరచుకోండి.

పదిహేను సెంటీమీటర్ల తీగె కోసి, గుడ్డతో ఒక్కసారి నిమిరి తిన్నగా చెయ్యండి. రంధ్రంలో దూర్చి, ఒకవైపు నాలుగు సెంటీమీటర్లు, మిగిలినదంతా రెండోవైపు ఉంచండి. రెండు కొసలనూ పూస భుజాల వెంట పైకి వంచితే, కొనకు కాస్త పైన ఒకదానినొకటి దాటుతాయి. గుడిసె కప్పులాగా చిన్న త్రికోణం ఏర్పడుతుంది. ఇక్కడే తొందర పనికిరాదు. తీగెను గాజుకు అంటిపెట్టి బిగించారంటే రంధ్రం అంచు పెచ్చు ఊడుతుంది. పూస ఆ త్రికోణంలో ఇటూ అటూ కొంచెం ఊగేటంత చోటు ఉండాలి.

రెండు కొసలూ దాటిన చోట పొడుగు కొసను నిటారుగా నిలబెట్టండి. పొట్టి కొసను దాని చుట్టూ రెండు చుట్లు తిప్పి, మిగిలింది కోసివెయ్యండి. ఇప్పుడు పొడుగు కొసను చుట్లకు రెండు మిల్లీమీటర్ల పైన పక్కకు వంచి, రీఫిలు మీదుగా తిప్పితే ఉంగరం వస్తుంది. గొలుసుకో కొక్కేనికో తగిలించేదుంటే ఉంగరం మూయకముందే తగిలించాలి. మూసిన తరవాత జ్ఞాపకం వచ్చి తల కొట్టుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఉంగరాన్ని పట్టకారుతో పట్టుకుని, మిగిలిన తీగెను దాని మెడకు చుట్టుకుంటూ కిందికి రండి. చుట్టు పక్కనే చుట్టు, సందు లేకుండా. మూడు చుట్లతో ఆపవచ్చు. లేదా పూస కొనమీదికి దిగి రంధ్రం కనిపించకుండా టోపీలాగా చుట్టవచ్చు. టోపీ చుట్లు కాస్త వదులుగానే ఉండాలి, కింద ఉన్నది గాజు గదా. ఆఖరి కొసను దగ్గరగా కోసి, పట్టకారుతో లోపలికి నొక్కండి. వేలితో తడిమి, గుచ్చుకోవడం లేదని చూసుకోండి.

రాగి చెమటకు పచ్చబారుతుంది. అందుకని చెవి రంధ్రంలో రాగికొక్కెం పెట్టుకోవద్దు; దారానికి గుచ్చి మెడలో వేసుకోండి.

ఈ పని మొన్న మొన్న పుట్టింది కాదు. 1920లలో మొహెంజొదారోలో తవ్వకాలు జరిపినప్పుడు ఒక హారం దొరికింది. ఆకుపచ్చ రాతిపూసలు, వాటి నడుమ బంగారు బిళ్ళలు, ముందువైపు చారల రాళ్ళు వేలాడుతూ ఉంటాయి. ఆ రాళ్ళను వేలాడదీసింది లావుపాటి బంగారు తీగెతో. నాలుగువేల ఏళ్ళకు పైబడి మట్టిలో ఉన్నది ఆ హారం. 1947లో దేశం విడిపోయినప్పుడు దాన్ని కూడా రెండుగా పంచారు. ఒక భాగం ఢిల్లీలో జాతీయ మ్యూజియంలో ఉన్నది, రెండోది పాకిస్తానుకు పోయింది. ఢిల్లీ వెళ్ళినప్పుడు చూడండి. అందరూ రాళ్ళను చూస్తారు. మీరు తీగెను చూడండి.

మా ఇంటి రెండో పూస సంగతి చెప్పలేదు గదూ? బజారు పూసలు రెండు డజన్లు కట్టిన తరవాత గాని నాకు ధైర్యం చాలలేదు. వాటిలో మొదటి ఎనిమిది చూడదగినవి కావు. తొమ్మిదోదానికి మటుకు మా మనుమరాలు, ''ఇది ఫరవాలేదు, తాతయ్యా,'' అన్నది. ఒక ఆదివారం ఉదయం, వెలుతురు బాగా ఉన్నప్పుడు, కిటికీ పక్కన కూర్చున్నాము. ఊదాపూస రంధ్రం సన్ననిది. 26 జారలేదు, 28 జారింది. పూసను ఆ పిల్ల పట్టుకున్నది, తీగెను నేను వంచాను. ఒక్కొక్క వంపూ ఒక్కసారే.

ఆ పూస ఇప్పుడు నల్లదారానికి ఆమె మెడలో వేలాడుతున్నది. పగిలిన పూస ముక్కలు రెండూ నా బల్ల సొరుగులో ఉన్నాయి. పూస కట్టడం నేర్చుకోవాలని పిల్లలు ఎవరైనా వస్తే ముందుగా వాటిని తీసి, భూతద్దం ఇచ్చి, రంధ్రం చుట్టూ గాజు ఎంత పలచగా ఉన్నదో చూడమంటాను.