గన్నేరు పూలు అందం... ఆకులు గండం
పెరట్లో పెంచేవారు పాటించాల్సిన జాగ్రత్తలు

నీళ్లు లేకపోయినా ఎండకు తట్టుకుని ఏడాదిలో చాలా కాలం పూసే మొక్క గన్నేరు. తెలుపు, ఎరుపు, గులాబీ రంగుల్లో రేకవి, ముద్దవి ఉన్నాయి. పూజకు పూలు కొనే పని ఉండదు. అందుకే ఇంటి ముందూ, గుడి దగ్గరా, పెద్ద రోడ్ల నడుమా దీన్ని పెంచుతున్నారు. అయితే వేరు నుంచి పువ్వు దాకా చెట్టంతా విషమేనన్న సంగతి చాలామంది మరచిపోతున్నారు.

నాటే విధానం

తొలకరి వానలు పడ్డాక పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవున కోయాలి. కింది ఆకులు తీసేసి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చాలి. తేమ ఆరకుండా చూస్తే నెలా నెలన్నరలో వేరు పోస్తుంది. తర్వాత అడుగున్నర గుంట తీసి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. మొక్కకూ మొక్కకూ ఆరడుగుల ఎడం ఉండాలి. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. మొదటి ఏడాది వారానికోసారి నీళ్లు పోస్తే చాలు.

పూలు కొత్త చిగుళ్ల చివరనే వస్తాయి. కనుక ఒక విడత పూత అయ్యాక కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి. చిగుళ్లకు పసుపుపచ్చని పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లాలి.

అసలు ప్రమాదం ఇక్కడే

పచ్చి ఆకు చేదు. పశువు సాధారణంగా ముట్టదు. కానీ కత్తిరించిన కొమ్మలు వాడి ఎండితే, మేతలో కలిసిపోతే తినేస్తుంది. ఎండినా విషం పోదు. ఇరవై ఆకుల లోపే పెద్ద పశువు ప్రాణం పోవచ్చు. మేకలు, గొర్రెలకు ఇంకా తక్కువ చాలు. విషం నేరుగా గుండె మీద పని చేస్తుంది.

అందువల్ల కొట్టం, గడ్డివాము, నీళ్ల తొట్టి దగ్గర గన్నేరు వేయరాదు. కత్తిరించిన కొమ్మలు దారిలో పారేయకుండా గుంటలో పూడ్చాలి. పొగ కూడా హానికరం కనుక పొయ్యిలో పెట్టకూడదు. పుల్లతో పళ్లు తోమకూడదు. పాలు చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి. పచ్చగన్నేరు వేరే జాతి చెట్టయినా దాని కాయలోని పప్పు కూడా ప్రాణాంతకమే. పిల్లలు ఆ కాయలతో ఆడుకోకుండా చూడాలి.

కేరళలో 2024 మే నెలలో తిరువాంకూర్ దేవస్వం బోర్డు తన ఆలయాల్లో నైవేద్యం, ప్రసాదాల్లో గన్నేరు పూలు వాడవద్దని ఆదేశించింది. మన ఇళ్లలోనూ పూజ పూలు ప్రసాదంలో పడకుండా చూసుకోవడం మంచిది.

ఎవరైనా పొరపాటున తింటే వాంతులు, కళ్లు తిరగడం, నాడి తప్పడం కనిపిస్తాయి. ఉప్పునీళ్లు తాగించడం వంటి సొంత వైద్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. తిన్న ఆకో కాయో డాక్టరుకు చూపాలి. పశువైతే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

చెట్టు కొట్టేయనక్కరలేదు. పశువులకూ, పసిపిల్లలకూ దూరంగా పెంచితే చాలు.