ముత్తాత పేరు వెతుక్కుంటూ లైబ్రరీకి

ఎం.ఏ. హిస్టరీలో చేరిన మొదటి నెలలోనే మా సారు ఒక పని ఇచ్చారు. ఎవరి వంశవృక్షం వాళ్ళు గీసుకు రావాలి. నా పక్కన కూర్చునే మిత్రుడు గోత్రంతో సహా ఏడు తరాలు చార్టు మీద రంగురంగుల స్కెచ్ పెన్నులతో గీసుకొచ్చాడు. నాది అరపేజీ కూడా నిండలేదు. నేను, నాన్న, తాత, అంతే. తాత వాళ్ళ నాన్న పేరు మా నాన్నకే సరిగ్గా తెలియదు. సారు ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గనిపించింది. మనకు చరిత్ర లేదేమో అనుకున్నాను. లేకపోవడం కాదు, అది వేరేవాళ్ళ పుస్తకాల్లో ఉందని తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తెలిసింది మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న అన్నలకు, అక్కలకు చెబుదామని ఈ నాలుగు మాటలు.

ముందే ఒక మాట. లైబ్రరీకి వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవాలి. నేను ఈ పని తలకిందులుగా చేసి, వారం రోజులు ఊరికే పేజీలు తిప్పి వచ్చాను. ఏం వెతుకుతున్నామో తెలియకుండా పాత కాగితాల్లో దిగితే ఇసుకలో సూది వెతికినట్టే.

మన ముసలివాళ్ళు తేదీలు చెప్పరు. గుర్తులు చెబుతారు. మా నాయనమ్మను నాన్న ఎప్పుడు పుట్టాడని అడిగితే, "దివిసీమ ఉప్పెన నాటికి వాడు పురిటి గుడ్డురా, గుడిసె లేచిపోతే చాపలో చుట్టుకుని బడిలో కూర్చున్నా" అంది. మీరెప్పుడు పుట్టారంటే "నందనలో" అంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. నందన 1892-93లో వచ్చింది, మళ్ళీ 1952-53లో వచ్చింది. కాబట్టి నాయనమ్మది రెండోది అయి తీరాలి. ఇలా ఒక్కొక్క గుర్తును ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చుకోవాలి. ఒక నోటుబుక్కులో ఎడమవైపు వాళ్ళు అన్న మాట, కుడివైపు మనకు తేలిన సంవత్సరం రాసుకుంటే చాలు. వాళ్ళ మాటను మాత్రం దిద్దకండి, అన్నది అన్నట్టే రాయండి. తర్వాత అందులోనే ఏదో ఒక ఆధారం బయటపడుతుంది.

మా ఊరు చీరాల దగ్గర. మాకు దగ్గర్లో వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1918లో మొదలైంది. పాత తెలుగు పత్రికలను బైండు చేసి దాచిన చోటు. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మనం మాత్రం బస్సు కిటికీలోంచి బోర్డు చూసి పోతుంటాం! నేను వెళ్ళి 1977 నవంబరు పేపర్లు అడిగాను. ఉప్పెన వచ్చింది 19వ తేదీ శనివారం. మర్నాటి పేపర్లోనే అంతా ఉంటుందనుకున్నాను, లేదు. తీగలు తెగి, రోడ్లు తెగి, కబురు మెల్లగా చేరింది. రోజులు గడిచేకొద్దీ శవాల లెక్క పెరుగుతూ పోయింది. అందుకే ఏ సంఘటనకైనా ఆ ఒక్క రోజు పేపరు చూసి ఆగకూడదు, తర్వాతి పదిహేను రోజులూ చూడాలి. మా ఊరి పేరు దొరికిందా అంటే, లేదు. కానీ నాన్న పుట్టిన నెల దొరికింది. బడి లెక్క ప్రకారం ఆయన పుట్టినరోజు 1-7-1976. మన నాన్నల్లో ఎంతమందికి జూలై ఒకటో, జూన్ ఒకటో పుట్టినరోజో గమనించారా? చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ అది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం జిల్లా. మా ఊరు ఒక్క అడుగు కూడా కదల్లేదు, జిల్లా మాత్రం మారుతూనే ఉంది. బాపట్ల తాలూకా 1904 దాకా కృష్ణా జిల్లాలో ఉంది, తర్వాత గుంటూరు జిల్లా. 1970లో చీరాల ప్రాంతం ప్రకాశంలోకి పోయింది (అప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా), 2022 నుంచి బాపట్ల జిల్లా. ఒంగోలు వైపు వాళ్ళకైతే 1904కు ముందు నెల్లూరు జిల్లా. అంటే నేను 1880ల నాటి సంగతి కావాలంటే గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ చూడాలి, ఒంగోలు మిత్రుడు బాస్వెల్ 1873లో తెచ్చిన నెల్లూరు మాన్యువల్ చూడాలి. ఈ మెకంజీ వేరు, కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ వేరు. ఆయన 1821లోనే చనిపోయాడు. నేను ఇద్దరినీ ఒకరే అనుకుని సెమినార్లో చెప్పి నవ్వులపాలయ్యాను. కైఫీయతుల్లో ఊరి గుడి, మాన్యాలు, కరణాల సంగతులు బాగా ఉంటాయి. మన వాడల సంగతి వెతుక్కోవాలి.

నాయనమ్మ చెప్పిన కథ ఇంకొకటి ఉంది. "ధాత కరువులో మనోళ్ళు దొర కాలవ తవ్వి బతికారంట." ధాత అంటే 1876-77. ఆ కరువులోనే బకింగ్‌హామ్ కాలువ పని కరువు పనిగా నడిచింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడు మైళ్ళకు పైగా కాలువ పని కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. ఆ సంగతి ఆయన జీవితకథలో ఉంది. 1914లో అచ్చయిన పుస్తకం. ఆయన భార్య ఎమ్మా మాదిగల జీవితం మీదనే 1899లో ఒక పుస్తకం రాసింది, పేరు 'వైల్ స్యూయింగ్ శాండిల్స్'. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. రాసింది బయటి మనిషి, మత ప్రచారానికి వచ్చిన మనిషి అన్నది మరచిపోకుండా చదవాలి. అయినా మన తాతముత్తాతల తిండి, పని, పాటల గురించి అప్పట్లో కూర్చుని రాసినవాళ్ళు ఎందరు? నాయనమ్మ మాట, పుస్తకంలోని సంవత్సరం కలిశాయి. అంతవరకే. మావాళ్ళు ఆ కాలువ మీద ఉన్నారని ఆ పుస్తకం రుజువు చెయ్యదు. కూలీల పేర్లు అందులో లేవు. కలిసినంతవరకే రాసుకోవాలి, మిగతాది ఊహ అని పక్కన రాసుకోవాలి.

భూమి రికార్డుల సంగతి త్వరగా చెబుతాను. తహసీల్దారు ఆఫీసులో ఫెయిర్ అడంగల్, ఆర్.ఎస్.ఆర్. అనే రిజిస్టర్లు ఉంటాయి. సర్వే నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద నకలు అడగొచ్చు. పట్టాదారు గడిలో మన పేర్లు అరుదు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా ఉంటే అందులో తాత పేరు, తాత తండ్రి పేరు రెండూ ఉంటాయి. ట్రంకుపెట్టెలు వెతకండి. మా ముత్తాత పేరు నాకు అక్కడే దొరికింది. మా చిన్నతాత ఇంట్లో, చెదలు ఒక మూల తిన్న కాగితంలో. జనాభా లెక్కల పుస్తకాల్లో పేర్లు ఉండవు గానీ 1961 జిల్లా హ్యాండ్‌బుక్కులో మీ ఊళ్ళో ఎస్సీలు ఎంతమందో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది బడి అడ్మిషన్ రిజిస్టరు. నాన్న చదివిన బడికి వెళ్ళి అడిగాను. హెడ్మాస్టరు గారు బీరువా తీయించారు. నాన్న ఎప్పుడూ "నాకు చదువు ఎక్కలేదురా, అందుకే మానేశా" అనేవాడు. నేనూ నమ్మాను. రిజిస్టర్లో ఏడో తరగతి, మానేసిన తేదీ 1988 జనవరి, కారణం 'దీర్ఘకాలం గైరుహాజరు' అని ఉంది. ఫెయిలయినవాడు జూన్లో మానేస్తాడు. జనవరి అంటే మా వైపు పొగాకు బ్యారన్లకు పని మొదలయ్యే నెల. ఒక్క తరగతి కూడా రెండుసార్లు చదవలేదు. లెక్క వేస్తే అప్పటికి ఆయన వయసు పదేళ్ళు. నాయనమ్మను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తాత మంచాన పడ్డాడని, ఆసామి దగ్గర అప్పు ఉందని చెప్పింది. జిరాక్సు తెచ్చి నాన్నకి చూపించాను. తన పేరు రెండుసార్లు చదువుకుని, "రాత బాగుంది, మా మాస్టారిదే" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందుకే మన హాస్టల్ పాత అడ్మిషన్ రిజిస్టర్ల గురించి అడుగుతున్నాను. స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనక ఒక చెక్కపెట్టెలో పడి ఉన్నాయి. నేను ఉన్నప్పుడే కిందివాటికి చెమ్మ తగిలింది. అందులో మన పేర్లే కాదు, ఊరు, నాన్న పేరు, ఆయన పని కూడా ఉన్నాయి. వార్డెన్ గారి అనుమతితో ఒక ఆదివారం వాటిని ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి, బీరువాలోకి మారుస్తాం. వీలైతే పేజీలు ఫోనులో ఫొటోలు తీద్దాం. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు, అక్కలు పాత గ్రూపు ఫొటోలు ఉంటే తీసుకురండి. నిలుచున్నవాళ్ళు ఎడమ నుంచి ఎవరెవరో మీరు చెబితే వెనక పెన్సిలుతో రాసిపెడతాం.