ముప్పది డాలర్ల పద్దు

వార్ధక్యముచేతనో వ్యాధిచేతనో మంచము విడువజాలని వారిని రేయింబవళ్లు కనిపెట్టి చూచు సంరక్షణాలయములు అమెరికాలో ఇంచుమించు 15,000 కలవు. అచ్చటి శుశ్రూషను గూర్చి పత్రికలు అప్పుడప్పుడు వ్రాయుచునే యున్నవి గాని, అచ్చటి జమాఖర్చులను గూర్చి అడుగువారు అరుదు.

1965లో ఏర్పడిన మెడికేర్, మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకములే వీనికి ప్రధానాధారము. ఆసుపత్రినుండి వచ్చిన రోగికి, నియమములు కుదిరినచో, మొదటి 20 దినముల వ్యయమును మెడికేర్ పూర్తిగా భరించును. ఆ తరువాత 100వ దినము వరకు రోగియు కొంత చెల్లింపవలెను. ఆపైన ఆ పథకము తప్పుకొనును. దాచుకొన్న సొమ్ము కరగిపోయిన పిమ్మట మెడికెయిడ్ ఆదుకొనును. కాని అప్పుడు పింఛనులో అధికభాగము సంరక్షణాలయమునకే పోయి, చేతిఖర్చునకు స్వల్పమే మిగులును. దానికి కేంద్రశాసనము విధించిన కనీసమొత్తము నెలకు 30 డాలర్లు.

క్షవరమునకును, మనుమరాలికి పంపు చిన్న కానుకకును ఆధారమైన ఆ సొమ్మును, నివాసి కోరినచో, సంరక్షణాలయమే భద్రపరుపవలెను. మెడికెయిడ్ పొందువారి నిలువ 50 డాలర్లు మించినచో వడ్డీ వచ్చు ఖాతాలో వేయవలెను. అందరి సొమ్ము ఒక్కచోట నున్నను ఎవరి వడ్డీ వారికి పంచి, మూడు నెలలకొకసారి లెక్క చూపవలెను. అర్హతకు సాధారణముగా హద్దయిన 2,000 డాలర్లకు 200 తక్కువలోనికి నిలువ చేరగానే హెచ్చరింపవలెను. నివాసి మరణించినచో 30 దినములలో హక్కుదారులకు అప్పగింపవలెను. నిలువను గూర్చిన ఆ హెచ్చరిక యొక్కటి తప్పినను ఒక వృద్ధురాలి మెడికెయిడే ఆగిపోవచ్చును!

ఈ నియమములన్నియు బహిరంగశాసనములు. వానిని అమలుపరచు కంప్యూటరు ప్రోగ్రాములు మాత్రము సాధారణముగా అమ్మకందారుల గుప్తధనములు. 2019 అక్టోబరు 1న మెడికేర్ చెల్లింపుపద్ధతి మారినట్లు నియమము మారినప్పుడెల్ల, చిన్న సంస్థలకు అమ్మకందారు పంపిన సవరణను నమ్ముటయే గాని పరీక్షించు మార్గము లేదు. ప్రజాధనముతో నడుచు లెక్కకు సూత్రము ప్రజల కగపడకుండుట న్యాయము కాదు. మూలసంకేతమును బయటపెట్టినంత మాత్రమున రోగుల వివరములు బయటపడవు; వానిని 1996నాటి హిపా శాసనము కాపాడుచునే యున్నది.

ఇట్టి ప్రోగ్రాములు అందరికి అగపడునట్లు ఉండవలెననుట అసాధ్యమైన కోరిక కాదు. మాజీ సైనికుల వైద్యాలయములకై అమెరికా ప్రభుత్వము రూపొందించిన విస్టా అను ప్రోగ్రాముల సముదాయము, బిల్లుల విభాగములతో సహా, ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. 1998లో వెలువడిన గ్నూక్యాష్, 2006లో పుట్టిన లెడ్జర్ఎస్ఎంబీ అను బహిరంగ లెక్కల ప్రోగ్రాములు సామాన్యమైన పద్దులకు చాలును. అయితే మంచములు, దినముల లెక్క, మధ్యలో చెల్లింపుదారు మారుట వానికి తెలియవు. మెడికెయిడ్ రేట్లు రాష్ట్రమున కొకరీతిగా నుండుటచే సమస్తమును ఒక్కసారి తలకెత్తుకొనుట వ్యర్థప్రయాస యగును. నివాసుల చిల్లరపద్దుతోనే ఆరంభింపవలెను; దాని మూలనియమములు 50 రాష్ట్రములకును సమానములు.

అమెరికాలో ప్రోగ్రాములు వ్రాయుటయే వృత్తిగా గల తెలుగువారు వేలకొలది యున్నారు. వారిలో కొందరైనను తమ సెలవుదినములలో కొంత సమయమును ఈ పద్దునకు కేటాయింతురు గాక యని నా విన్నపము.