కొద్ది వారాల దారి – దిగువ తుంగుస్కా నది

అట్లాసు దగ్గరున్నవారు రష్యా పటం తెరవండి. సైబీరియా మధ్యలో దక్షిణం నుండి ఉత్తరానికి పారే యెనిసీ అనే మహానది కనిపిస్తుంది. దానికి తూర్పు నుండి వచ్చి కలిసే ఉపనది దిగువ తుంగుస్కా. ఉపనది కదా అని చిన్నదనుకోవద్దు. మన గోదావరి పొడవు 1,465 కి.మీ. అయితే దీని పొడవు 2,989 కి.మీ. అయినా దీని ఒడ్డున చెప్పుకోదగ్గ నగరం ఒక్కటి కూడా లేదు.

1908లో ఆకాశంలో జరిగిన పేలుడుకు అడవి నేలకూలిన సంగతి జి.కె. పుస్తకాల్లో చదివే ఉంటారు. అది జరిగింది దీనికి దక్షిణాన ఉన్న మరో తుంగుస్కా పరిసరాల్లో. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఆ అడవుల్లో దుప్పి జాతికి చెందిన రెయిన్‌డీర్లను మేపుకుని బతికే ఎవెంకీలను రష్యన్లు పూర్వం తుంగూస్‌లు అనేవారు. నదుల పేరు అలా వచ్చింది.

ఈ నది నడక విచిత్రం. ఇర్కుట్స్క్ ప్రాంతంలో పుట్టి, కిరెన్స్క్ పట్టణం దగ్గర లేనా నదికి సుమారు 15 కి.మీ. దూరంలోకి వస్తుంది. ఇంకేముంది, కలిసిపోతుంది అనుకుంటాం. కలవదు! మధ్యలో మిట్ట అడ్డం. ఉత్తరానికి చాలా దూరం పోయి, పడమటికి తిరిగి, తురుఖాన్స్క్ వద్ద యెనిసీలో కలుస్తుంది. దారిలో నల్లరాతి పీఠభూమిని కోసుకుంటూ పోతుంది. ఆ రాయి దాదాపు 25 కోట్ల ఏళ్ల నాటి లావా. ఆదిలాబాదు వైపు మన దక్కను నల్లరాయి కూడా లావాయే గాని, వయసులో చాలా చిన్నది, సుమారు 6.6 కోట్ల ఏళ్లు.

ఇక్కడి అడవిని టైగా అంటారు. ఎక్కువగా లార్చ్ చెట్లు. నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పై పొర మాత్రమే కరుగుతుంది కాబట్టి వేర్లు లోతుకు పోలేక పక్కలకు పాకుతాయి. మంచు కరిగిన నీరు కూడా లోపలికి ఇంకదు, నేరుగా నదిలోకే వస్తుంది. పైగా నది ఉత్తరానికి పారుతుంది గనుక ఎగువన మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డగానే ఉంటుంది. పైనుండి కొట్టుకొచ్చిన మంచు పలకలు అక్కడ ఇరుక్కుని ఆనకట్టలా నిలబడతాయి. అప్పుడు ఇరుకు లోయల్లో నీటిమట్టం 20 మీటర్లకు పైగా లేస్తుంది. మన హాస్టల్ మేడ ఎక్కినా మునిగిపోతాం.

ఆ వరదే అక్కడివారికి దారి. ఎవెంకీ ప్రాంతానికి కేంద్రమైన టురాకు ఏడాదంతా పనిచేసే రోడ్డు లేదు. విమానం ఉంది గాని దానిలో ఎంతని మోస్తారు? మే చివర, జూన్‌లో నీళ్లు నిండుగా ఉన్న కొద్ది వారాల్లోనే పెద్ద సరుకు ఓడలు డీజిలు, సరుకులు చేరవేయాలి. ఆ తర్వాత నీరు తగ్గి రాళ్లు తేలతాయి. అక్టోబరుకల్లా నది మళ్లీ గడ్డకట్టడం మొదలు.

ఈ నదిపై భారీ జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని సోవియట్ కాలంలోనే అనుకున్నారు. జలాశయం సుమారు 9,000 చ.కి.మీ. ఉండేది. నాగార్జునసాగర్ లాంటివి 30 కలిపినంత! టురాతో సహా ఎవెంకీల ఊళ్లు, మేత అడవులు పోయేవి. ముంపు అంటే ఏమిటో గోదావరి గట్టున పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. 1980ల చివర జనం వ్యతిరేకించడంతో ఆగింది. 2000 తర్వాత మళ్లీ కదిలింది, మళ్లీ పక్కన పెట్టారు. టురా ఉన్నచోటే ఉంది.